కడగక ముందు బరువు

ప్రధాన ల్యాబు, మేడ మీద గది
ఏప్రిల్ 28

చిన్నదానికి,

నువ్వు ఫోను ఎత్తవు కాబట్టి మట్టి సంచులు మోసే బండిలోనే ఈ కాగితం పెడుతున్నాను. వారానికి రెండుసార్లు మీ ల్యాబుకీ మా ల్యాబుకీ మధ్య తిరిగే బండే కదా. ఇసుకతో పాటు నా మాట కూడా మోస్తుంది.

ఆసుపత్రి వెనక కొండవాలుకి కడుతున్న గోడ సంగతి. గోడ వెనక నింపబోయే ఇసుక మీద మీరు చేసిన జల్లెడ పరీక్ష రిపోర్టు నా బల్ల మీదికి వచ్చింది. ఆ ఇసుకలో మెత్తటి మన్ను నూటికి ఐదు పాళ్ళు దాటకూడదు. దాటితే వాన నీరు కిందికి దిగదు, దిగని నీరు గోడను తోస్తుంది. ఇది నీకు చెప్పక్కర్లేదు. మీ రిపోర్టులో ఒకటి పాయింట్ ఏడు అని ఉంది.

సంతకం పెట్టలేదు. మళ్ళీ చూడు.

వేళకి తింటున్నావా అని అడగను, అడిగితే నీకు కోపం. పొద్దున ప్రార్థనలో నిన్ను తలుచుకున్నాను.

పెద్దక్క

*

కొత్త ల్యాబు, ఇన్‌చార్జి గది
మే 2

పెద్దక్కకి,

నాకు నలభై మూడేళ్ళు. చిన్నదానా అని రాయకు. కవరు మీద కూడా అదే రాశావు. డ్రైవరు ల్యాబంతా తిరిగి "చిన్నదెవరండీ" అని అడిగాడు. నా కింద ఆరుగురు పనిచేస్తున్నారు. ఆరుగురూ నవ్వారు.

"మళ్ళీ చూడు" అన్నావు. ఏం చూడాలో మాత్రం చెప్పలేదు. ఇది నీ పాత విద్యే. సరే, నేను ఏం చూశానో చెప్తాను, ఓపికగా చదువు. ప్రార్థన కన్నా ఎక్కువ సేపేమీ పట్టదు.

ఈ సాఫ్ట్‌వేర్ మాకు వచ్చి నాలుగు నెలలు. ముందు నీళ్ళతో కడిగి, ఆరబెట్టి జల్లించాల్సిన ఇసుక రావడం ఇదే మొదటిసారి. మొదట అంకెలు ఎక్కించగానే తెరంతా ఎర్రగా అయిపోయింది. జల్లెడల మీద మిగిలిన ఇసుక మొత్తం కలిపితే, పరీక్షకు తీసుకున్న ఇసుకకు మూడింతలు వచ్చిందట. ఇసుక ఓవెన్‌లో పిల్లల్ని పెట్టిందా అని మా వాళ్ళు జోకులు. గంటసేపు తల పట్టుకున్నాక తెలిసింది. నువ్వు నేర్పిన పద్ధతిలో పై జల్లెడ మీది ఇసుక తూచి, అది తియ్యకుండానే దాని మీద రెండోది, దాని మీద మూడోది పోస్తూ తూస్తాం కదా. ఈ సాఫ్ట్‌వేర్‌కి దేనికది విడిగా కావాలి. కూర్చుని ఒక్కో అంకెలోంచీ దాని ముందు అంకె తీసేశాను.

అప్పుడు గ్రాఫు శీర్షాసనం వేసింది. నేను పెద్ద కన్నాల జల్లెడతో మొదలుపెట్టాను. దానికి సన్నది పైన ఉండాలట. తిరగేశాను. అయినా ఒక చుక్క తెర దాటి ఎటో పోయింది. చూస్తే ఆరు వందల మైక్రాన్ల జల్లెడని మిల్లీమీటర్ల గడిలో ఆరు వందలని కొట్టాం. ఆ కన్నంలోంచి ఇసుకేమిటి, ఇసుక మోసే మనిషే దూరిపోతాడు. అదీ సరిచేశాం.

ఆఖరికి పచ్చ టిక్కు వచ్చింది. పై గడిలో 441.0 గ్రాములు. జల్లెడలూ అడుగు పళ్ళెం కలిపితే 440.6. తేడా అర గ్రాము కూడా లేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీ మనిషి ఫోనులో "మీ డేటా పర్ఫెక్ట్ మేడమ్" అన్నాడు. నువ్వొక్కదానివే అనలేదు.

నీకు గుర్తుచెయ్యాలి. ఏడాదిలో మూడు రిపోర్టులు ప్రధాన ల్యాబు తిప్పి పంపితే మా ల్యాబుకి గుర్తింపు పోతుంది. దానితో పాటే నా కుర్చీ. మొదటిది జనవరిలో సిమెంటు రిపోర్టు, అది మా టైపు తప్పే, ఒప్పుకున్నాను. ఇది రెండోది. ఇంకొక్కటి చాలు నీకు. పదిహేనేళ్ళు ఎండలో బోర్లు తవ్వించి సంపాదించుకున్న కుర్చీ ఇది, ఎవరో తీసి ఇచ్చింది కాదు.

అవే అంకెలతో మళ్ళీ పంపుతున్నాను. తప్పుంటే ఎక్కడుందో రాయి. లేదంటే సంతకం పెట్టు.

చెల్లెలు

*

ప్రధాన ల్యాబు, మేడ మీద గది
మే 9

ఇన్‌చార్జి గారికి,

మీ రిపోర్టు అందింది. తిప్పి పంపడం లేదు, మీ లెక్కలో మూడోది అవుతుందని. సంతకమూ పెట్టడం లేదు. నా సొరుగులో ఉంచాను.

పచ్చ టిక్కు చూశాను. ఇసుకను చూడండి.

మీకు కోపం వచ్చినప్పుడు చేతిరాత బాగుంటుంది. అక్షరాలు నిటారుగా నిలబడతాయి. దేవుడు మీకు నిదానం ఇవ్వాలని కోరుకున్నాను.

పెద్దక్క

*

కొత్త ల్యాబు
మే 20

పెద్దక్కా,

ఎగతాళి నీకు రాదు. "గారు" అని రాస్తే గౌరవం అవదు. వాత పెట్టి వెన్న రాసినట్టు ఉంటుంది.

ఇసుకను చూడమన్నావు. చూశాను. పది రోజులు వేరే పని ముట్టుకోకుండా చూశాను. జల్లెడలన్నీ బ్రష్షుతో తోమించాను. అన్నిటికన్నా సన్న జల్లెడ చిరిగిందేమోనని దీపానికి ఎదురుగా పెట్టి చూసి, అనుమానం దేనికని కొత్తది తెప్పించాను. త్రాసుని తెలిసిన బరువులతో సరిచూశాను. సైటు నుంచి కొత్త ఇసుక తెప్పించి మరో రెండుసార్లు మొదటి నుంచీ చేశాం. పాతదానితో కలిపి పై గడిలో 441.0, 438.6, 443.2. మెత్తటి మన్ను 1.7, 1.9, 1.6. మూడు ప్రింట్లూ దీనికి జత చేశాను.

కడగడంలో తొందరపడ్డామని అంటావేమో. లేదు. సన్న జల్లెడ మీద పోసి, కిందికి పోయే నీళ్ళు తేటగా అయ్యేదాకా కడిగించాను. నమ్మకపోతే మా ప్లంబరుని అడుగు. మూడో రోజుకి సింకు మూసుకుపోయింది. అతను గొట్టం విప్పి దోసెడు బురద తీశాడు. "ఇది ల్యాబా, కుమ్మరి కొట్టమా" అని విసుక్కున్నాడు.

ఇంకేం చూడను?

నువ్వేం చేస్తున్నావో నాకు తెలుసు. ఇరవై ఏళ్ళ కిందట నీ దగ్గర నేర్చుకోవడానికి చేరిన మొదటి నెల. ఎనిమిది మంది మగవాళ్ళ మధ్య నా పేజీ కొట్టేసి "మళ్ళీ చెయ్యి" అన్నావు. చేశాను. మళ్ళీ కొట్టేశావు. తొమ్మిదిసార్లు జల్లెడ ఊపించావు. తొమ్మిదోసారి నాకే కనపడింది, త్రాసు కింద కాగితం ముక్క ఇరుక్కుందని. "నీకు మొదటిసారే తెలుసా" అని అడిగితే తెలుసన్నావు. నవ్వావు కూడా. ఆ రోజు రాత్రి చేతులు పైకి లేవలేదు, అన్నం నడిపక్క తినిపించింది. నువ్వు ప్రార్థన గదిలో ఉన్నావు.

అప్పుడు నేను నీ చెల్లెల్ని కాబట్టి పడ్డాను. ఇప్పుడు నాకో ల్యాబుంది.

ఇంకో మాట. నువ్వు సొరుగులో పెట్టుకున్నంత మాత్రాన లోకం ఆగదు. నీ సంతకం వచ్చేదాకా పని నడవడానికి తాత్కాలిక అనుమతి ఇచ్చే అధికారం నాకుంది. ఏప్రిల్ ఆఖర్లోనే ఇచ్చేశాను. గోడ వెనక ఇసుక నింపుతున్నారు. ఇప్పటికి మనిషెత్తు దాటింది. వానలొచ్చేలోపు అయిపోతుంది. ఆ తర్వాత నీ సంతకం ఉంటే ఎంత, లేకపోతే ఎంత.

నువ్వు రోజూ నాకోసం ప్రార్థిస్తున్నావని నడిపక్క చెప్పింది. ఆ జాబితాలోంచి నా పేరు కొట్టెయ్. కొట్టెయ్యడం నీకు బాగా వచ్చు కదా.

చెల్లెలు

*

ప్రధాన ల్యాబు
మే 22, మధ్యాహ్నం

చిన్నదానా,

ఇప్పుడే చదివాను. పదకొండు సార్లు ఫోను చేశాను. ఎత్తలేదు. బండి రోజు కాకపోయినా డ్రైవరుని ఈ కాగితంతోనే పంపుతున్నాను.

నింపుతున్నారని నాకు తెలియదు. చీఫ్ ఇంజనీరు గారికి ఫోను చేసి పని ఆపించమన్నాను. నిన్ను దాటి వెళ్ళానని తర్వాత తిట్టు.

మీ ప్లంబరు తీసిన దోసెడు బురద ఏ గడిలో రాశావు?

అది ఆ ఇసుకలోదే. పరీక్షకు ఎవరైనా ఐదు వందల గ్రాములు తూచుకుంటారు. నాలుగు వందల నలభై ఒకటి తూచుకోరు. అది కడిగి, ఆరబెట్టాక మిగిలిన బరువు. మీరు దాన్నే మొదటి బరువని పై గడిలో వేశారు. కడిగేసిన యాభై తొమ్మిది గ్రాములు లెక్కలో లేకుండా పోయాయి. జల్లెడలన్నీ ఎంత బాగా కలిసినా ఏం లాభం, పోయింది సింకులోకి.

ఐదు వందలు వేసి, ఆ యాభై తొమ్మిదినీ అడుగు పళ్ళెంలోని ఏడున్నరనూ కలిపి చూడు. నూటికి 13.3 వస్తుంది.

ఆ ఇసుక పనికిరాదు. తీయించెయ్యాలి.

పెద్దక్క

*

కొత్త ల్యాబు
మే 23

రివ్యూ అధికారి గారికి,

ఐదు వందలు వేశాను. 13.3 వచ్చింది. మిగతా రెండూ దాదాపు అంతే.

పై గడి పక్కన చిన్న ప్రశ్న గుర్తు ఉంది. నాలుగు నెలల్లో నేను దాన్ని నొక్కలేదు. ఇవాళ నొక్కాను. "కడగక ముందు పొడి బరువు" అని ఉంది. దాని కింద "కడిగారా?" అని ఇంకో చిన్న గడి. అందులో టిక్కు పెడితే రెండో బరువు రాసే చోటు తెరుచుకుంటుంది. అంతా అక్కడే ఉంది, ముక్కు కిందే. ఇది నా తప్పు. దాన్ని ఎవరి మీదా రుద్దను.

ఇక నీ సంగతి.

నా చెయ్యి ఆ గడిలోకి ఆ బరువుతోనే ఎందుకు వెళ్ళిందో తెలుసా? నీ రిజిస్టరులో పై గడి అదే. మొత్తం పుస్తకంలో కడగక ముందు బరువు రాసే చోటే లేదు. నువ్వు దాన్ని సంచికి కట్టిన అట్ట ముక్క మీద పెన్సిలుతో రాసుకునేదానివి. మేము కడిగి, ఆరబెట్టి, తూచి పై గడి నింపేవాళ్ళం. ఆఖరి అంకె మాత్రం నువ్వొచ్చి, అట్ట ముక్క చూసి, మనసులో లెక్కగట్టి వేసేదానివి. సంచీ, అట్టా చెత్తబుట్టలోకి. ఆ ఒక్క మెట్టు ఎవరి చేతా ఎక్కించలేదు నువ్వు. పుస్తకాల్లో చదివాను, కాదనను. కానీ చేతికి పట్టుబడింది నీ పద్ధతి. నీ బుర్ర నీతో ఉన్నంతకాలం ఆ రిజిస్టరు సరిగ్గానే ఉంది. సాఫ్ట్‌వేర్‌లో నీ బుర్ర లేదు.

ఇప్పుడొకటి అడుగుతాను, దాచకుండా చెప్పు. నీకు ఇది ఎప్పుడు తెలిసింది? "నాలుగు వందల నలభై ఒకటి ఎవరూ తూచుకోరు" అన్నావు. ఆ అంకె మొదటి కాగితం మీదే ఉంది. ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన నీ బల్ల మీద ఉంది.

ఒక్క వాక్యం. "పై బరువు కడగక ముందుది వెయ్యి." ఐదు మాటలు. మాటలు పొదుపని నీకు పేరు. ఇంత పొదుపా?

ఇరవై నాలుగు రోజులు. ఎనిమిది అడుగుల ఇసుక. గోడ అవతల వార్డులో మంచాలున్నాయి.

చెల్లెలు

*

ప్రధాన ల్యాబు, మేడ మీద గది
మే 30

చిన్నదానికి,

నువ్వడిగినదానికి జవాబు: మొదటి రోజే తెలిసింది. కాగితం చేతిలోకి తీసుకున్న నిమిషంలోనే.

వారం రోజులుగా ఈ ఉత్తరం రాస్తున్నాను. దేవుడి ముందు కూర్చుని కూడా ముందు అబద్ధమే చెప్పుకున్నాను. నువ్వే కనుక్కుంటే నీకు గుర్తుంటుందని, నీ మంచికేనని. తొమ్మిదిసార్లు జల్లెడ ఊపించిన రోజు కూడా ఇదే చెప్పుకున్నాను.

నిజం ఇది కాదు. నువ్వు నన్ను అడగాలని ఎదురుచూశాను. "అక్కా, నాకు అర్థం కావడం లేదు, చెప్పు" అని ఒక్కసారి. నువ్వు ఈ ల్యాబు వదిలి వెళ్ళాక నన్ను ఏదీ అడగలేదు. జ్వరమొస్తే నడిపిదాన్ని అడిగావు. ఇల్లు మారితే నడిపిదాన్ని అడిగావు. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, ఆ సామెత పట్టుకుని కూర్చున్నాను. తప్పుంటే ఎక్కడుందో రాయమని నీ మొదటి ఉత్తరంలోనే అడిగావు. దాన్ని అడగడం కింద లెక్కవేసుకోలేదు. నువ్వు ఇంకొంచెం వంగాలనుకున్నాను.

నింపుతున్నారని తెలిసి ఉంటే చెప్పేదాన్ని. ఇది నాకు సాకు కాదు. తెలుసుకోవడం నా పని.

చీఫ్ ఇంజనీరు గారికి నిన్న రాశాను. పద్ధతి నాదని, రిజిస్టరు నాదని, తప్పు మొదటి రోజే చూసి ఊరుకున్నది నేనని. సంతకం చేసే అధికారం నా నుంచి తీసెయ్యమని. కొత్త ల్యాబు ఇన్‌చార్జిది ఏ తప్పూ లేదని, ఆమె నేర్చుకున్నదే చేసిందని.

నీ కుర్చీ నీకుంటుంది.

పెద్దక్క

*

కొత్త ల్యాబు
జూన్ 8

పెద్దక్కా,

నువ్వు అమ్మవి కాదు. ఆ సామెత నీది కాదు. అమ్మ ఉన్నప్పుడు మనం ఏదీ అడగక్కర్లేకుండానే పెట్టింది.

నువ్వు రాసిన ఉత్తరం సంగతి నాకు చీఫ్ గారి ఆఫీసు గుమాస్తా చెప్పాడు. ఫోను చేసి సంబరంగా, "మీ అక్కగారు అంతా తన మీద వేసుకున్నారండీ, మీకేం భయం లేదు, అలాంటి అక్క దొరకడం అదృష్టం" అన్నాడు. ఫోను పెట్టేసి బాత్‌రూములోకి వెళ్ళి కుళాయి విప్పి నిలబడ్డాను. ఏడవలేదు. నవ్వొచ్చింది, అదీ కాదు. ఏదో వచ్చింది.

చూడు. నా చదువు నువ్వు చెప్పించావు కాబట్టి నీదన్నారు. నా ఉద్యోగం నీ దగ్గర మొదలైంది కాబట్టి నీ చలవన్నారు. నాకంటూ ఒక్క తప్పు చేశాను. సొంతంగా, నా సంతకంతో, నా స్టాంపుతో. దాన్ని కూడా నువ్వే పట్టుకుపోతావా?

"ఆమె నేర్చుకున్నదే చేసింది." ఈ వాక్యం నువ్వు దయతోనే రాసి ఉంటావు. చిలక గురించి కూడా ఇదే రాస్తారు.

ఆ మధ్యాహ్నమే చీఫ్ గారి దగ్గరికి వెళ్ళాను. గంటన్నర బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. లోపలికి పిలిచాక నా కాగితం ఇచ్చాను. ప్రశ్న గుర్తు నొక్కనిది నేను. సింకు మూసుకుపోయినా ఆలోచించనిది నేను. మా అక్క రిపోర్టు ఆపిందని తెలిసి కూడా తాత్కాలిక అనుమతి వెనక్కి తీసుకోనిది నేను. ఎందుకు తీసుకోలేదో కూడా రాశాను. ఆమె మీద పంతంతో అని. చదివి కళ్ళద్దాలు తీసి, "మీ ఇద్దరూ ఒకే ఇంట్లో ఎలా పెరిగారమ్మా" అన్నాడు. "జాగ్రత్తగా" అన్నాను.

ఇప్పుడు విను. ల్యాబు గుర్తింపు ఆరు నెలలు ఆపేశారు. ఇన్‌చార్జి పదవి నుంచి నన్ను తప్పించారు. నిన్నటి నుంచి ఆ గదిలో వేరే ఆయన కూర్చుంటున్నాడు. కుర్చీ ఎత్తు సరిచేసుకోవడానికే అరగంట పట్టింది ఆయనకి. నేను బయట హాల్లో, ఓవెన్ పక్క బల్ల దగ్గర. ఆ ఆరుగురూ ఇప్పుడు నవ్వడం లేదు. నవ్వితేనే నయంగా ఉండేది.

ఇసుక తీసే రెండు రోజులూ గోడ దగ్గరే ఉన్నాను. ఒకటో తారీఖున పడ్డ చిన్న జల్లుకే అది నీరు పట్టేసుకుంది. పారతో కోస్తే ముక్కలుగా వచ్చింది, సబ్బు బిళ్ళలా. కాంట్రాక్టరు నా మొహం చూడలేదు. ఆసుపత్రి ఆయా ఒకావిడ కిటికీలోంచి "మళ్ళీ ఎందుకు తవ్వుతున్నారమ్మా" అని అడిగింది. "నేను తప్పు లెక్క రాశాను, అందుకు" అన్నాను. ఆవిడ "సరే, దుమ్ము లోపలికి రాకుండా చూడండి" అని కిటికీ వేసుకుంది. అంతే. నా బతుకులో నాకు దొరికిన అతి మంచి మాట అదే. ఎవరూ త్యాగం చెయ్యలేదు, ఎవరూ ప్రార్థించలేదు.

కుర్చీ పోగొట్టుకున్నాను. నేనే పోగొట్టుకున్నాను. నీ ఖాతాలో వేసుకోకు.

ఇంక రాయకు.

చెల్లెలు

*

ప్రధాన ల్యాబు, కింది గది
సెప్టెంబరు 14

చెల్లెలికి,

రాయవద్దన్నావు. మూడు నెలలు రాయలేదు. ఇవాళ పని మీద రాస్తున్నాను.

నా సంతకం తీసేశారు. మేడ మీద గది ఖాళీ చేశాను. కింద సామాను గదిలో బల్ల వేసి, పాత రిజిస్టర్లన్నీ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించమన్నారు. నావే, ఇరవై రెండేళ్ళవి. పెద్ద కన్నాల జల్లెడతో మొదలుపెట్టి గ్రాఫుని తలకిందులు చేశాను. ఆరు వందలు కూడా కొట్టాను. నువ్వు రాసినవన్నీ ఒక్కొక్కటే నాకూ జరిగాయి. నీ మే నెల ఉత్తరం పక్కన పెట్టుకుని సరిచేసుకున్నాను.

ఒకచోట ఆగిపోయాను.

పై గడి కడగక ముందు బరువు అడుగుతోంది. నా దగ్గర లేదు. అట్టలు ఎప్పుడో పారేశాను. కానీ ఆఖరి అంకె రిజిస్టరులో ఉంది. దాని నుంచి వెనక్కి లెక్కగడితే ప్రతిసారీ ఐదు వందలకు దగ్గరగానే వస్తోంది. ఐదు వందలే తూచుకున్నానని నాకు ఖాయంగా తెలుసు. నా చేత్తో తూచాను. ఐదు వందలని వేసేస్తే అన్నిటికీ పచ్చ టిక్కు వస్తుంది. రెండు వేల పైచిలుకు పరీక్షలు. వెయ్యకపోతే ఒక్కటీ పూర్తి కాదు. నా పనంతా ఎర్రగా మిగిలిపోతుంది.

నిన్నటి నుంచి ఆ గడి ముందు కూర్చున్నాను. ప్రార్థించాను కూడా. జవాబు రాలేదు.

నాకు తెలియడం లేదు. ఏం రాయాలి, చెప్పు.

అక్క

*

కొత్త ల్యాబు, ఓవెన్ పక్క బల్ల
సెప్టెంబరు 14, సాయంత్రం

అక్కా,

ఏమీ రాయకు. ఖాళీగా వదిలెయ్.

నీకు తెలుసు, కానీ కాగితానికి తెలియదు. వెనక్కి లెక్కగట్టి వేసిన అంకె తూచిన అంకె కాదు. రేపు ఎవరైనా ఆ పచ్చ టిక్కు నమ్మి గోడ కడతారు. కింద రిమార్కుల గడి ఉంది, కర్సరు కిందికి లాగితే కనిపిస్తుంది. అందులో "కడగక ముందు బరువు నమోదు చెయ్యలేదు" అని రాయి. రెండు వేల సార్లూ చేత్తో కొట్టక్కర్లేదు. మొదటిది కాపీ చేసుకుని మిగతా వాటిలో అతికించు. పేజీ వదిలే ముందు సేవ్ నొక్కు, దానంతట అది చేసుకోదు.

ఎర్రగానే ఉంటుంది. ఉండనీ.

నీ మీద కోపం పోయిందనుకోకు. పోలేదు. ఆదివారం రాకు, నడిపక్క రమ్మన్నా రాకు.

బండి బయట ఆగి ఉంది. డ్రైవరుని ఉండమని చెప్పి నిలబడే రాస్తున్నాను. నీ ఉత్తరం చదవడానికీ ఇది రాయడానికీ కలిపి అతను ఒక టీ తాగాడు. అడిగిన మనిషికి చెప్పడానికి పట్టే సమయం అంతే.

చెల్లెలు